మన బోరు నీళ్లకి గడ్డం సబ్బు నురగ నిలవాలంటే

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో మగవాళ్ల చర్మం గురించి వేసిన పేజీ చదివాను. గడ్డం గీసుకున్నాక మంట పుడుతోంది, మెడ మీద పొక్కులు లేస్తున్నాయి, ఏం చేయాలి అని తిరుపతి నుంచి ఒక పాఠకుడు అడిగితే, ఖరీదైన జెల్ వాడమనీ అయిదు బ్లేడ్ల రేజర్ కొనమనీ జవాబిచ్చారు. ఏ నీళ్లతో గీసుకుంటున్నావు బాబూ అని ఎవరూ అడగలేదు. నేను కొర్లగుంటలో సెలూన్ నడుపుతాను. మా నాయన చేసిన పనే నేనూ చేస్తున్నాను. రోజూ ఈ మెడలూ ఈ పొక్కులూ చూస్తూనే ఉంటాను కాబట్టి చెబుతున్నాను, మన ఊళ్లో సగం మందికి ఆ బాధ రేజర్ వల్ల వచ్చింది కాదు, నురగ సరిగా రాకపోవడం వల్ల వచ్చింది, నురగ రాకపోవడానికి ముఖ్య కారణం నీళ్లు. ఆ సంగతి కాస్త వివరంగా రాస్తాను, ఉత్తరం పొడుగైనా దయచేసి వేయండి.

తిరుపతిలో ఇళ్లకి రెండు రకాల నీళ్లు. కల్యాణి డ్యామ్ నుంచీ, కండలేరు నుంచి పైపుల్లో వచ్చే తెలుగుగంగ నుంచీ మున్సిపల్ కొళాయికి అందేవి ఒక రకం. మిద్దె మీద ట్యాంకులోకి మోటారు ఎక్కించే బోరు నీళ్లు రెండో రకం. తాగడానికీ వంటకీ కొళాయి నీళ్లో, క్యాన్ నీళ్లో వాడతారు గానీ, చాలా ఇళ్లలో బాత్రూములో ట్యాపు తిప్పితే వచ్చేది మటుకు బోరు నీళ్లే. ఆ నీళ్ల గుణం ఇంట్లో ఆడవాళ్లని అడగండి, గడగడా చెప్పేస్తారు. కందిపప్పు ఎన్ని విజిళ్లు వచ్చినా పలుకు పలుకుగానే ఉంటుంది, బకెట్ అంచున తెల్లటి చార కడతుంది, హీటర్ రాడ్‌కి సున్నం పేరుకుంటుంది, తలస్నానం చేస్తే జుట్టు పీచులాగా అవుతుంది. ఇన్ని తెలిసిన ఇంట్లో కూడా మగాయన గడ్డం సబ్బుకి నురగ రాకపోతే ‘ఈ కంపెనీ బాగాలేదు’ అని ఇంకో కంపెనీ తెచ్చుకుంటాడు. అదీ రాకపోతే ఇంకోటి. బాత్రూము గూట్లో సగం సగం వాడిన ట్యూబులు వరసగా పడి ఉంటాయి.

మా షాపుకి గడ్డానికి వచ్చే ఒక కెమిస్ట్రీ లెక్చరర్ సార్ ఉన్నారు, ఇప్పుడు రిటైరయ్యారు. ఒకసారి నేనిలాగే నీళ్ల గొడవ ఎత్తితే, ఖాళీగా ఉన్న రెండు మంచినీళ్ల సీసాలు తెమ్మన్నారు. ఒకదాంట్లో మా బోరు నీళ్లు, ఇంకోదాంట్లో క్యాన్ నీళ్లు, రెంటిలోనూ సగం దాకా సమానంగా పోయించారు. గడ్డం సబ్బుని పాత బ్లేడుతో సన్నగా గీరి, గోరంత గోరంత రెంటిలో వేయించి, మూతలు బిగించి గట్టిగా ఊపమన్నారు. క్యాన్ నీళ్ల సీసాలో నురగ మూత దాకా పొంగి అలాగే నిలబడింది. బోరు నీళ్ల సీసాలో ముందు కాస్త బుడగలు వచ్చాయి, మేము చూస్తుండగానే చిటచిటమని విరిగిపోయి నీళ్లు మబ్బుపట్టాయి, కాసేపటికి విరిగిన పాలలో తేలినట్టు తెల్లటి తునకలు పైకి తేలి సీసా గోడలకి అంటుకున్నాయి. ఆ తునకని వేలితో రుద్దితే జారదు, జిగటగా పట్టుకుంటుంది. కుర్చీలో కూర్చున్న కస్టమర్ సైతం లేచి వచ్చి చూశాడు. ఆ జిగట పదార్థమే కదా రోజూ మన మొహాల మీద పూసుకొని దాని మీద బ్లేడు లాగుతున్నాం!

సార్ చెప్పింది నాకు అర్థమైనంతవరకు రాస్తాను. బోరు నీళ్లు రాళ్ల సందుల్లో నిలిచి కాల్షియం, మెగ్నీషియం లవణాలు కలుపుకొని పైకి వస్తాయి. వాటినే కఠిన జలం అని బడిలో చదివాం. ఆ కాల్షియం సబ్బుతో కలిస్తే నీళ్లలో కరగని కొత్త పదార్థం తయారవుతుంది, అదే ఆ తెల్లటి తునక. మనం బ్రష్ మీద తీసుకున్న సబ్బులో కొంత భాగం ముందు ఈ కాల్షియానికి బలి అయిపోవాలి, ఆ తర్వాత మిగిలిన సబ్బే నురగ అవుతుంది. తాగే నీళ్లకి భారతీయ ప్రమాణాల సంస్థ పెట్టిన లెక్క ప్రకారం కాఠిన్యం లీటరుకి 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే నీళ్లు దొరకని చోట 600 దాకా ఓర్చుకోవచ్చు. తాగడానికి ఓర్చుకోగలిగినంత మాత్రాన ఆ నీళ్లు సబ్బుకి పనికొస్తాయని కాదు. వాననీళ్లలో ఈ లవణాలు దాదాపు ఉండవు. కొండమీద గోగర్భం, పాపవినాశనం, కుమారధార, పసుపుధార డ్యాముల్లో నిలిచేది శేషాచలం అడవిలో కురిసిన వానే కాబట్టి, తిరుమలలో గదిలో దిగి అదే సబ్బు, అదే బ్రష్‌తో గడ్డం గీసుకున్నవాళ్లు ‘అక్కడ బాగా వస్తుందన్నా, ఇంటికొస్తే రాదు’ అంటుంటారు. స్వామి మహిమతో పాటు నీళ్ల మహిమ కూడా ఉంది అందులో.

ఇక్కడ ఖర్చు గురించి భయపడాల్సింది ఏమీ లేదు. గడ్డం మొత్తానికి కావాల్సింది ఒక గ్లాసు మంచినీళ్లు. బ్రష్ నానబెట్టడానికీ, నురగ చేయడానికీ ఆ గ్లాసు వాడుకొని, మొహం కడుక్కోవడానికీ రేజర్ జాడించడానికీ బోరు నీళ్లు వాడుకోవచ్చు. క్యాన్ నీళ్లు లేకపోతే కొళాయి నీళ్లు పట్టి పెట్టుకోండి. అవీ లేకపోతే బోరు నీళ్లనే బాగా మరగబెట్టి, చల్లారాక అడుగున తేరుకున్న తెల్లటి మడ్డి కదలకుండా పైనీళ్లు వంచుకోండి. మరగబెడితే కాఠిన్యంలో ఒక భాగం గిన్నెకి అంటుకొని పోతుంది. అయితే అంతా పోదు, మరిగినా పోని లవణాలు కొన్ని ఉంటాయి, అందుకని ఈ పద్ధతి కొన్ని బోర్లకి బాగా పనిచేస్తుంది, కొన్నిటికి అంతంత మాత్రం. వానాకాలంలో మిద్దె మీద శుభ్రంగా పట్టిన వాననీళ్లయితే వాటిని మించింది లేదు.

సబ్బు సంగతి. ఒంటి సబ్బుతో గడ్డం గీసుకునేవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు, ముఖ్యంగా పల్లెల్లో. ఒంటి సబ్బు సోడియంతో చేసింది, గడ్డం సబ్బులోనూ క్రీములోనూ పొటాషియం ఎక్కువ ఉంటుంది, అందుకే మెత్తగా ఉండి తొందరగా నీళ్లలో కలుస్తుంది. దాంతో పాటు స్టియరిక్ ఆమ్లం బాగా వేస్తారు, నురగ విరగకుండా చిక్కగా నిలబడేది దానివల్ల. కొబ్బరినూనె సబ్బుకి ఉప్పునీళ్లలో కూడా నురగ వస్తుంది, నిజమే, కానీ అవి పెద్ద పెద్ద బుడగలు, రాగానే పోతాయి, బ్లేడుకి ఆసరా ఇవ్వవు. తేమ పట్టి ఉంచడానికి గ్లిజరిన్ ఉంటుంది. గోద్రెజ్, పామోలివ్, ఓల్డ్ స్పైస్, వి-జాన్ ఏ క్రీమైనా సరే, గుండ్రటి బిళ్లలా వచ్చే గడ్డం సబ్బైనా సరే, మంచి నీళ్లు పోసి ఓపిగ్గా తిప్పితే మంచి నురగే ఇస్తాయి. ఇంపోర్టెడ్ సబ్బు తెచ్చి బోరు నీళ్లలో ముంచితే మన సబ్బు గతే దానికీ పడుతుంది.

నురగ చేయడం ఎలాగో చెబుతాను. మా నాయన దగ్గర పని నేర్చుకున్న రోజుల్లో కత్తి పట్టుకోనివ్వడానికి ముందు చాలాకాలం బ్రష్ ఒక్కటే పట్టించేవారు, అంత ముఖ్యమైన పని అది.

ముందు బ్రష్ తడపాలి. పంది వెంట్రుకల బ్రష్ అయితే గోరువెచ్చటి నీళ్లలో కొన్ని నిమిషాలు నాననివ్వాలి, ఆ వెంట్రుక నీళ్లు పీలుస్తుంది, పొడిగా ఉంటే గుచ్చుకుంటుంది, పైగా చేసిన నురగలోని నీళ్లని తనే తాగేస్తుంది. నైలాన్ బ్రష్‌కి నానడం అక్కర్లేదు, తడిపి విదిలిస్తే చాలు. బిళ్ల సబ్బు వాడేవాళ్లు స్నానానికి పోయేముందు సబ్బు మీద ఒక చెంచా నీళ్లు పోసి పెట్టుకుంటే, వచ్చేసరికి పైపొర మెత్తబడి ఉంటుంది, ఆ నీళ్లు వంపేయండి. బ్రష్‌ని నీళ్లలోంచి తీసి గట్టిగా విదలండి. కారుతున్న బ్రష్‌తో మొదలుపెడితే అక్కడే పని చెడుతుంది, సబ్బు ఎక్కకముందే బుడగలు వచ్చేస్తాయి, అవి చూసి నురగ వచ్చేసిందనుకుంటాం. ఇల్లలకగానే పండగ కాదు. ఇప్పుడు సబ్బు మీద బ్రష్ కొసలు మాత్రమే ఆనేలా గుండ్రంగా తిప్పాలి. నొక్కి తిప్పొద్దు, వెంట్రుకలు మధ్యలోంచి విచ్చుకొని విరుగుతాయి. ఎంతసేపు? చాలామంది నాలుగు చుట్లు తిప్పి ఆపేస్తారు. అర నిమిషం పైనే తిప్పండి, నీళ్లు కాస్త కఠినంగా ఉంటే ఇంకా ఎక్కువ, ఎందుకంటే పైన చెప్పినట్టు కొంత సబ్బు కాల్షియానికి పోతుంది. బ్రష్ కొసల మీద చిక్కటి ముద్ద, టూత్‌పేస్టంత దట్టంగా కనబడాలి. క్రీమ్ అయితే బాదం గింజంత చాలు, బ్రష్ నడిమధ్య పెట్టుకోండి.

ఆ తర్వాత చిన్న గిన్నెలోనో, అరచేతిలోనో, నేరుగా మొహం మీదనో నురగ పెంచాలి. నేర్చుకునేవాళ్లకి గిన్నె మంచిది, కళ్ల ముందు కనబడుతుంది. షాపులో మేము మొహం మీదే చేస్తాం. ముద్దని తిప్పుతూ, బ్రష్ కొసని గ్లాసులో అలా తాకించి ఒకటి రెండు చుక్కలు, మళ్లీ తిప్పడం, మళ్లీ ఒకటి రెండు చుక్కలు. ఇక్కడే అందరూ తొందరపడేది. నీళ్లు ఒక్కసారిగా పోస్తే సబ్బు పలుచనై బుడగలు బుడగలుగా విడిపోతుంది, మళ్లీ దాన్ని దారికి తేవాలంటే ఇంకాస్త సబ్బు ఎక్కించుకోవాల్సిందే. చుక్క చుక్కగా పోస్తే ముద్ద మెల్లగా సడలి, తెల్లబడి, మెరుపు తేలుతుంది.

ఎప్పుడు ఆపాలో చూపుతోనే తెలుస్తుంది. నురగ మెరుపు లేకుండా, మైదా పూసినట్టు మొహానికి అట్టకట్టి, బ్రష్ కదిపితే లాగుతుంటే నీళ్లు చాలలేదు. బుడగలు కంటికి విడివిడిగా కనబడి, మొహం మీద పూసిన నిమిషానికే చర్మం బయటపడుతుంటే సబ్బు చాలలేదు, లేదా నీళ్లు ఎక్కువయ్యాయి. సరైన నురగలో బుడగే కనబడదు, తడి మెరుపు ఉంటుంది, బ్రష్ ఎత్తితే కొస నిలబడి చివర కొంచెం వంగుతుంది. చివరి పరీక్ష వేళ్లతో. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కాస్త రాసి చూడండి, వేళ్లు ఒకదాని మీద ఒకటి సర్రున జారిపోవాలి. ఈ జారుడే అసలైన సరుకు. సినిమాలో చూపించినట్టు మొహమంతా మంచు కొండలా పేరుకోవాల్సిన పని లేదు, పలుచగా ఉన్నా జారితే అది మంచి నురగ, ఎంత ఎత్తుగా ఉన్నా జారకపోతే దండగ.

అలాంటి నురగని మొహానికి పట్టించేటప్పుడు ముందు గుండ్రంగా రుద్దాలి, గడ్డం వెంట్రుకలు పైకి లేచి మొదళ్ల దాకా సబ్బు తగులుతుంది, ఆఖరున గోడకి సున్నం వేసే వాటంలో పైకీ కిందికీ సాపు చేయాలి. గదవ కింద గుంటలో, మీసం పక్కన, పెదవి కింద పల్లంలో వెంట్రుక దట్టంగా, మొండిగా ఉంటుంది, బ్రష్ అక్కడ ఇంకాసేపు ఆడించండి. పుట్టుమచ్చ ఉన్నవాళ్లకి దాని చుట్టూ నురగ పలుచన చేసి, మచ్చ కనబడేలా ఉంచుతాం, కనబడకపోతే తెగుతుంది.

గడ్డం వెంట్రుక తడిస్తే ఉబ్బి మెత్తబడుతుంది, అప్పుడు బ్లేడుకి పెద్ద బలం అక్కర్లేదు. కానీ అది నిమిషంలో తడవదు, రెండు మూడు నిమిషాలైనా పడుతుంది, వేడి నీళ్లయితే కాస్త త్వరగా. కల్యాణకట్టలో తలనీలాలిచ్చేటప్పుడు ముందు తల బాగా తడుపుతారు కదా, అందులో కిటుకు అదే. అందుకే స్నానం చేశాక గడ్డం గీసుకోవడం మంచిదంటాను. ముందే గీసుకోవాలనుకుంటే వేడి నీళ్లలో పిండిన తువ్వాలు మొహం మీద కాసేపు వేసుకోండి, నురగ పట్టించాక కూడా రెండు నిమిషాలు ఆగండి.

మన ఎండల గురించి ఒక మాట చెప్పాలి, ఏ పుస్తకంలోనూ ఇది రాయరు. ఏప్రిల్, మే నెలల్లో తిరుపతిలో నలభై డిగ్రీలు దాటుతుంటే, నెత్తి మీద ఫ్యాన్ ఫుల్లుగా తిరుగుతుంటే, ఒక చెంపకి గీసేలోపు రెండో చెంప మీద నురగ ఎండి పొలుసులు కడుతుంది. ఎండిన నురగ మీద బ్లేడు లాగితే సబ్బు లేకుండా గీసినట్టే. కాబట్టి ఎండాకాలంలో ఫ్యాన్ ఆపేయండి, నురగలో మామూలుకంటే ఒకటి రెండు చుక్కలు ఎక్కువ పోసుకోండి, చిన్న చిన్న భాగాలుగా పట్టించి గీసుకోండి, ఆరుతోందనిపిస్తే తడి బ్రష్‌తో మళ్లీ ఒకసారి తడమండి. వేడి నీళ్లూ అక్కర్లేదు ఆ నెలల్లో, మామూలు నీళ్లతోనే హాయిగా ఉంటుంది.

రేజర్ గురించి ఎక్కువ చెప్పను. వెంట్రుక వాలు ఎటుందో చేత్తో తడిమి చూసుకొని మొదట వాలు వెంటే గీయాలి. మెడ మీద చాలామందికి ఈ వాలు అడ్డంగా తిరిగి ఉంటుంది, అది చూసుకోకుండా కింది నుంచి పైకి ఎదురు గీత లాగేస్తారు, పొక్కులు అక్కడే లేస్తాయి. ఇంకా నున్నగా కావాలంటే మళ్లీ నురగ పట్టించి రెండోసారి అడ్డంగా గీయొచ్చు, నురగ లేని చర్మం మీద మటుకు మళ్లీ బ్లేడు పెట్టొద్దు. చేయి బరువు వేయొద్దు. రెండంచుల బ్లేడు రేజర్‌కి కింగ్ జిల్లెట్ 1904లో పేటెంటు తెచ్చుకున్నాడు, వందేళ్లు దాటినా ఆ బ్లేడు ఇంకా ప్రపంచమంతా వాడుతున్నారంటే ఊరికే కాదు. ఒకే అంచు ఒకసారి వెళ్తుంది. అయిదు బ్లేడ్లంటే ఒక్క గీతలో ఒకే చోట చర్మం మీద అయిదు అంచులు పోవడం, మెత్తటి నురగ కింద లేనివాడికి అది ఎంత ఒరిపిడో ఆలోచించండి. గీశాక చన్నీళ్లతో కడిగి, తడి మొహం మీద పటిక ఒకసారి తిప్పి, కాసేపాగి కడిగేయండి. ఎక్కడైనా చిన్న గాటు ఉంటే రక్తం ఆగుతుంది.

డబ్బాలోంచి నొక్కితే వచ్చే నురగ మీద నాకు పగేమీ లేదు. బస్సెక్కే తొందరలో పనికొస్తుంది. కానీ అది గ్యాసుతో ఉబ్బింది, అందులో ఎక్కువ గాలే. బ్రష్‌తో రుద్దడం వల్ల వెంట్రుక లేవడం, మొదలు నానడం అనేవి అందులో జరగవు. ఇప్పుడు సెలూన్లలో కూడా చాలాచోట్ల కుర్రాళ్లు ఆ డబ్బా నొక్కి చేత్తో పూసేస్తున్నారు. కస్టమర్ తొందరపెడతాడు, పక్కన ఇంకో ఇద్దరు కూర్చొని ఉంటారు, నురగకి మూడు నిమిషాలు ఎవరు ఇస్తారు అంటారు. ఆ మూడు నిమిషాలే మన పనితనం అని నేను మా షాపు కుర్రాళ్లతో గొడవ పడుతుంటాను. మెషీన్‌తో గడ్డం ట్రిమ్ చేయడం ఎవరైనా ఇంట్లో చేసుకుంటున్నారు, మన దగ్గరికి వచ్చేది మనం బాగా చేస్తామనే కదా. తోటి నాయీ బ్రాహ్మణ సోదరులు ఈ ఉత్తరం చదివితే నేను అడిగేది ఒకటే, షాపులో నురగకి వాడే గిన్నె పక్కన ఒక క్యాన్ పెట్టుకోండి, ఒక క్యాన్‌తో ఎన్నో గడ్డాలు అవుతాయి. సబ్బు తక్కువ ఖర్చవుతుంది, ఆ మిగులుతోనే క్యాన్ ఖర్చు చాలావరకు పూడుతుంది.

బ్రష్ శుభ్రం గురించి కూడా చెప్పాలి. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో సరిగా శుద్ధి చేయని గుర్రపు వెంట్రుకల బ్రష్‌ల వల్ల ఇంగ్లండులోనూ అమెరికాలోనూ కొందరికి ఆంత్రాక్స్ అనే, పశువుల నుంచి అంటుకునే జబ్బు సోకిందని, 1920లో బ్రిటన్ జపాన్ బ్రష్‌ల దిగుమతినే ఆపేసిందని లెక్చరర్ సార్ చెప్పారు. ఇప్పుడు ఆ భయం లేకపోయినా, ఒకరి మొహం మీది బ్రష్ ఇంకొకరి మొహం మీదకి కడగకుండా పోకూడదు. వేడి నీళ్లలో జాడించి, క్రిమిసంహారకం కలిపిన నీళ్లలో ముంచి, కడిగి, ఆరబెట్టి వాడాలి, అందుకని షాపులో నాలుగైదు బ్రష్‌లు తిరుగుతూ ఉండాలి. వీలైన కస్టమర్లు సొంత బ్రష్ తెచ్చుకుంటే నేనైతే సంతోషిస్తాను. బ్లేడు సంగతి చెప్పేదేముంది, కాగితం మీ కళ్ల ముందు విప్పి, విరిచి సగం బ్లేడు కత్తి పిడిలో పెట్టమని అడగండి, అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. ఇళ్లలో బోరు నీళ్లు వాడినవాళ్ల బ్రష్ మొదట్లో తెల్లటి జిడ్డు పేరుకొని బిరుసెక్కి ఉంటుంది, అదీ ఆ కాల్షియం సబ్బే. నీళ్లలో కొంచెం వెనిగర్ కలిపి బ్రష్‌ని కాసేపు నానబెట్టి, బాగా కడిగేస్తే మళ్లీ మెత్తబడుతుంది. పారేసి కొత్తది కొననక్కర్లేదు. వాడాక నీళ్లు విదిలించి గాలి తగిలేచోట పెట్టండి, మూత ఉన్న డబ్బాలో తడిగా కుక్కితే కంపు కొట్టి కుళ్లుతుంది.

వాడిన బ్లేడ్లు చెత్తబుట్టలో వేయకండి. పొద్దున్నే చెత్త బండితో వచ్చే అక్కలు, అన్నలు ఆ సంచీలు చేతులతో విప్పి తడి చెత్త, పొడి చెత్త వేరు చేస్తారు. వాళ్ల వేళ్లు తెగడం మా వీధిలోనే చూశాను. ఒక పాత పౌడర్ డబ్బాకో, రేకు డబ్బాకో సన్నటి సందు చేసి బ్లేడ్లన్నీ అందులో వేస్తూ పోండి, అది నిండటానికి ఏళ్లు పడుతుంది, నిండాక మూత అతికించి ఇదీ సంగతి అని చెప్పి చేతికివ్వండి.

ఇక మీ పత్రిక ద్వారా అధికారులకి నా విన్నపం. తిరుపతిలో, చిత్తూరులో ఏ వార్డులో కొళాయి నీళ్లు ఎంత కఠినంగా ఉన్నాయో, ఆ చుట్టుపక్కల బోర్లు ఎంత కఠినంగా ఉన్నాయో, పరీక్ష చేసిన లెక్క జనానికి కనబడేలా బోర్డు మీద పెట్టాలి. ఇది గడ్డం గురించి మాత్రమే కాదు. పప్పు ఉడకడానికి పట్టే గ్యాసు, ఎక్కువ పోసే బట్టల సబ్బు, ఏడాదికోసారి మార్చే గీజర్ కాయిల్, అన్నీ ఆ ఒక్క అంకె మీదే ఆధారపడి ఉన్నాయి. బోరు వేయించే ప్రతి ఇంటివాళ్లూ ఎన్ని అడుగులకి నీళ్లు పడ్డాయో చెప్పుకుంటారు, ఆ నీళ్లు ఎలాంటివో పరీక్ష చేయించేవాళ్లు మాత్రం అరుదు. కొత్తగా అపార్ట్‌మెంట్లు కట్టేవాళ్లు బాత్రూముల్లో వాష్‌బేసిన్ దగ్గర ఒక్క ట్యాపుకైనా మున్సిపల్ నీళ్ల లైను ఇస్తే ఎంత మేలో. మిద్దె మీది వాననీళ్లని డ్రెయినేజీలోకి వదలకుండా ఒక సంపులోకి మళ్లిస్తే ఇంకా మేలు.

కల్యాణి డ్యామ్‌లో నీటిమట్టం ఎంతుందో మీ జిల్లా పేజీలో వేస్తుంటారు. దాని పక్కనే వార్డుల వారీగా నీళ్ల కాఠిన్యం కూడా వేయండి. అంకెలు దొరకడం కష్టమైతే, సీసాలతో చేసిన ఆ సబ్బు పరీక్షని బడిపిల్లల చేత చేయించి ఫొటోలు వేయండి, ఏ వీధి నీళ్లలో నురగ ఎంత ఎత్తు నిలిచిందో చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. సీసాలకీ సబ్బుకీ అయ్యే ఖర్చు నేను పెట్టుకుంటాను.

ఇట్లు,
కొర్లగుంటలో సెలూన్ నడిపే మీ పాఠకుడు,
తిరుపతి.